స్థానికుడెవరు? నైపుణ్యం ఎవరి సొత్తు?

గత వేసవిలో ఒకేరోజు, గంట తేడాతో, ఇద్దరు మనుషులు కోయంబత్తూరులోని నా ఆఫీసు మెట్లెక్కారు. మొదటివాడు సూలూరు పక్క పల్లెకు చెందిన తెలుగు కుర్రవాడు. ఐ.టి.ఐ.లో ఫిట్టరు కోర్సు పూర్తిచేశాడు. "అన్నా, మా తాత, మా నాన్న ఇద్దరూ మిల్లు పనిలోనే బతికినారు. ఇప్పుడు నేను పోతే గేటు దగ్గరే ఖాళీ లేదంటున్నారు. లోపల చూస్తే రెండు షిఫ్టులూ బయటి రాష్ట్రంవాళ్ళే. దీనికి కోర్టులో ఏమైనా వేయొచ్చునా?" అని అడిగాడు.

రెండవవాడు ఒడిశాలోని గజపతి జిల్లా నుండి వచ్చిన నడివయసు కార్మికుడు. కాంట్రాక్టరు మూడు నెలల కూలి ఎగవేశాడు. అంతకంటె అతన్ని బాధిస్తున్నది మరొకటి. మూడో తరగతి చదవవలసిన కూతురిని, తమిళం రాదు గనుక, ఇక్కడి బడిలో ఒకటో తరగతిలో కూర్చోబెట్టారట. ఈ మాటలన్నీ అతడు నాతో చెప్పింది తెలుగులో! పర్లాకిమిడి ప్రాంతంవాడు గనుక అతనికి తెలుగు వచ్చు. కుర్రవాడు ఎవరిని "బయటివాడు" అన్నాడో అతడూ తెలుగు మాట్లాడేవాడే.

ఆ సాయంత్రం ఇద్దరి కాగితాలూ నా బల్లమీద పక్కపక్కనే ఉన్నాయి. ప్రపంచీకరణ యుగంలో బయటి నైపుణ్యానికి ఎంత తలుపు తెరవాలి, స్థానికుల చేతిపనికి ఎంత రక్షణ ఇవ్వాలి అన్న చర్చను మనం సాధారణంగా ఢిల్లీ, వాషింగ్టన్ వార్తల్లో చదువుతాం. కాని ఆ చర్చ మన గుమ్మంలోనే నిలబడి ఉంది. దాన్ని సరిహద్దు జిల్లాల తెలుగువారు ఏ వైపు నిలబడి చూడాలన్నది ఈ వ్యాసం విషయం. మనకు ఒక వైపు లేదని, రెండు వైపులూ మనవేనని నా వాదన.

మదురై చెప్పే పాఠం

మన పూర్వులు ఈ నేలకు వచ్చింది నైపుణ్యం వెంటబెట్టుకునే. 16వ శతాబ్దంలో విశ్వనాథ నాయకుడు మదురై పాలన చేపట్టినప్పుడు సైనికులూ, నల్లరేగడి సేద్యం తెలిసిన రైతులూ, బావులూ చెరువులూ తవ్వే వడ్డెరలూ, నేతపనివారూ, తోలుపనివారూ దక్షిణానికి వచ్చి స్థిరపడ్డారు. కొందరు అంతకుముందే విజయనగర సైన్యాల వెంట వచ్చినవారు. అప్పటి తమిళుల దృష్టిలో వీరంతా బయటివారే. అయితే ఆ పాలన వచ్చినవారి చేతుల్లోనే సాగలేదు. విశ్వనాథుని దళవాయి, 72 పాలెగాళ్ళ వ్యవస్థకు రూపమిచ్చిన మేధావి అరియనాథ మొదలియారు తమిళుడు. కొత్తగా వచ్చిన అధికారం స్థానికుని తెలివిని పక్కనబెట్టి ఉంటే రెండు శతాబ్దాలు నిలిచేది కాదు.

ఆ తర్వాత ఆ వచ్చినవారే మరొకరిని పిలిచారు. పట్టునేతలో ఆరితేరిన సౌరాష్ట్రులను తిరుమల నాయకుడు (1623–1659) మదురైకి రప్పించి, తన మహలు చుట్టుపక్కల వీధుల్లో నివాసమిచ్చాడని సంప్రదాయం చెబుతుంది. వారి భాష ద్రావిడం కాదు, వారి ఆచారాలు వేరు. వారి ఆచార హక్కులపై వివాదం వచ్చినప్పుడు రాణి మంగమ్మ 1705లో విచారణ జరిపించి వారికి అనుకూలంగా శాసనమిచ్చింది. అంటే కేవలం చేతిపనిని కొనుక్కోలేదు. మనిషికి వీధి ఇచ్చారు, గౌరవమిచ్చారు, వారి ఆచారానికి రక్షణ ఇచ్చారు. ఫలితమేమిటి? భౌగోళిక గుర్తింపు పొందిన మదురై సుంగుడి చీర ఈనాడు ఆ నగరపు సొంత పేరు. సౌరాష్ట్రులకు దేశంలో తమదంటూ ఒక రాష్ట్రం లేదు. అయినా వారి ఇళ్ళలో వారి భాష బతికే ఉంది. మదురై తెలుగువారమైన మనం ఆ ఇళ్ళవైపు ఒకసారి చూసి, మన ఇళ్ళవైపు చూసుకోవాలి.

నాయకరాజుల పాలనలో అన్యాయాలు లేవని నేననను. కాని బయటి నైపుణ్యాన్ని పిలిచే రాజ్యానికి ఉండవలసిన బాధ్యత ఏమిటో ఈ ఉదంతంలో స్పష్టంగా ఉంది: పిలిచినవాడిని మనిషిగా నిలబెట్టడం, ఉన్నవాడిని తోసివేయకపోవడం.

కోయంబత్తూరు నేర్చుకున్న విద్య

కోయంబత్తూరులో తొలి నూలుమిల్లు 1888లో వచ్చింది. అది స్టేన్స్ అనే ఆంగ్లేయునిది. యంత్రాలు ఇంగ్లండువి, వాటిని బిగించే పరిజ్ఞానమూ అక్కడిదే. 1910లో కుప్పుస్వామి నాయుడు లక్ష్మీ మిల్సు స్థాపించారు. 1932లో పైకారా జలవిద్యుత్తు రావడంతో చుట్టుపక్కల మిల్లులు వరుసగా లేచాయి. పత్తి పండించే తెలుగు రైతు కుటుంబాలు మిల్లు యజమానులయ్యాయి. ఇంతవరకు అందరికీ తెలిసిన కథే. మనం గమనించవలసింది యంత్రం వచ్చిన తర్వాత ఏం జరిగిందన్నది.

పి.ఎస్. గోవిందస్వామి నాయుడు నలుగురు కుమారులు 1926లోనే తమ ఆస్తిలో ఒక భాగాన్ని ధర్మసంస్థకు రాసి, పారిశ్రామిక శిక్షణకు పునాది వేశారు. ఆ పునాదిమీదే 1951లో పి.ఎస్.జి. సాంకేతిక కళాశాల లేచింది. పొల్లాచ్చి–పళని దారిలో 1920లో ఒక్క బస్సుతో జీవితం ప్రారంభించిన జి.డి. నాయుడు (1893–1974), బడి చదువు పెద్దగా లేకపోయినా, బాలసుందరం నాయుడుతో కలిసి 1937లో విద్యుత్ మోటారు తయారు చేయించారు. దేశంలో తయారైన తొలి మోటారుగా దానికి పేరు. 1945లో సాంకేతిక విద్యాలయానికి బాటవేసిన ఆయనకు, ఇంజనీరును తయారు చేయడానికి ఏళ్ళకేళ్ళు అక్కరలేదని గట్టి నమ్మకం. ఆ నమ్మకం విషయంలోనే ప్రభుత్వంతో పొసగక తప్పుకున్నారు. 2025 అక్టోబరులో అవినాశి రోడ్డుమీద ప్రారంభమైన పది కిలోమీటర్ల వంతెనకు ఆయన పేరు పెట్టారు.

1962లో లక్ష్మీ మెషిన్ వర్క్స్ స్విట్జర్లాండుకు చెందిన రీటర్ సంస్థ సహకారంతో మొదలైంది. అంతవరకు నూలు వడికే యంత్రాన్ని కొనుక్కున్న ఊరు, ఆ యంత్రాన్నే తయారు చేసే ఊరయింది. విదేశీ నైపుణ్యాన్ని ఆహ్వానించడమంటే ఇదీ. బయటినుండి వచ్చిన విద్య ఇక్కడి లేతు మీద, ఇక్కడి ఫౌండ్రీలో, ఇక్కడి ఫిట్టరు చేతిలో దిగబడింది. వచ్చిన నిపుణుడు వెళ్ళిపోయినా విద్య వెళ్ళిపోలేదు. పంపుసెట్టు, గ్రైండరు, మోటారు విడిభాగాలు - ఇన్ని పరిశ్రమలకు ఈ ఊరు పుట్టిల్లు కావడానికి కారణం అదే.

కపిల బాన కుట్టిన చేతులు

ఈ కథను గర్వంగా చెప్పుకునేటప్పుడు మనవాళ్ళు ఒక పుటను తిప్పేస్తారు. ఆ పుటను నేను తిప్పదలచుకోలేదు.

కొంగునాడు మెట్టభూమి. కరెంటు రాకముందు లోతైన బావులనుండి ఎడ్లతో నీరు తోడడమే సేద్యానికి ప్రాణం. ఆ నీరు తోడే తోలు బానను, మోకులను, పట్టీలను కుట్టినవారు అరుంధతీయులు. వారిలో అత్యధికుల ఇంటిభాష తెలుగే. ఆ బావుల్లో చాలావాటిని రాతిలో పగలగొట్టి తవ్వినవారు ఒడ్డర్లు, అంటే మన వడ్డెరలు. వారి భాషా తెలుగే. పంపుసెట్టు రాగానే కపిల బాన పని పోయింది. పంపు చేసినవారిలో తెలుగువారున్నారు, పని పోగొట్టుకున్నవారూ తెలుగువారే. ఒకే భాష మాట్లాడేవారిలో ఒకరు ఫ్యాక్టరీ యజమానులైతే మరొకరు పారిశుద్ధ్య పనికి నెట్టబడ్డారు. బాన కుట్టిన చేతికి పంపు బిగించడం నేర్పాలని ఆనాడు ఎంతమందికి తోచింది? తోచనివ్వనిది కులం.

తమిళనాడు ప్రభుత్వం 2009లో షెడ్యూల్డు కులాల కోటాలో అరుంధతీయులకు 3 శాతం ప్రత్యేకంగా కేటాయించింది. అటువంటి ఉపవర్గీకరణ చెల్లుతుందని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. మన భాషా సంఘాలు ఎన్ని ఆ తీర్పును తమ విజయంగా చెప్పుకున్నాయి? స్థానిక నైపుణ్యాన్ని కాపాడాలని మనం గొంతెత్తితే, ఆ స్థానికుల్లో ముందుగా లెక్కించవలసింది వీరిని. కొత్త యంత్రం రావడం తప్పు కాదు. పాత పనివాడికి కొత్త పని నేర్పకపోవడం తప్పు.

చౌక కూలికి నైపుణ్యమని పేరు

ఇప్పటి పరిస్థితికి వద్దాం. కోయంబత్తూరు, తిరుప్పూరు మిల్లుల్లోకి ఒడిశా, బీహారు, జార్ఖండు కార్మికులు వస్తున్నారు. మీ హొసూరు వైపు 2022లో ఐఫోను భాగాల కర్మాగారానికి రాంచీ, హజారీబాగ్ పరిసరాల గిరిజన యువతులను శిక్షణ ఇచ్చి తీసుకువచ్చారు. "ఇక్కడివాళ్ళకు నైపుణ్యం లేదు, పని మీద మనసు లేదు" అని యజమానులంటారు. "మా ఉద్యోగాలు ఎత్తుకుపోతున్నారు" అని యువకులంటారు. రెండు మాటల్లోనూ సగం సత్యమే ఉంది.

స్విస్ నిపుణుని రప్పించడం వేరు, ఒడియా కూలీని రప్పించడం వేరు. మొదటిది తెలియని విద్య కోసం. రెండవది చాలాచోట్ల తక్కువ కూలికి, సంఘం పెట్టుకోలేని నిస్సహాయతకు. డాఫింగు పని నేర్వడానికి కొన్ని వారాలు చాలు. ఆ పని తెలిసిన చేతులు సూలూరులో లేవంటే నమ్మశక్యం కాదు. లేనిది ఆ కూలికి, ఆ గంటలకు, ఆ హాస్టలు గదికి ఒప్పుకునే మనిషి. బయటివారు రాకముందు ఇదే ప్రాంతపు మిల్లుల్లో "సుమంగళి" పేరిట దక్షిణ జిల్లాల పేద ఆడపిల్లలను మూడేళ్ళ ఒప్పందంమీద పెట్టుకుని, పెళ్ళి ఖర్చుకని చివర్లో ఒక మొత్తం చేతిలో పెట్టే పద్ధతి సాగింది. ఆ పిల్లలు స్థానికులే గదా! వారిని ఎవరు కాపాడారు? దోపిడికి భాషతో పనిలేదు. దానికి కావలసింది ఎదురు చెప్పలేని మనిషి.

2023 మార్చిలో తమిళనాడులో బీహారు కార్మికులపై దాడులు జరుగుతున్నాయని తప్పుడు వీడియోలు ప్రచారమయ్యాయి. భయపడిన వందలాది కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని రైలెక్కాయి. బీహారు ప్రభుత్వం అధికారుల బృందాన్ని పంపింది. ఆ వార్తలు అబద్ధమని తేలింది. కాని అబద్ధానికి అంత త్వరగా జనం బెదిరిపోయారంటే, అక్కడ ముందునుంచే ఒక అభద్రత ఉన్నదన్నమాట. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన మనకు ఆ అభద్రత కొత్త కాదు.

చట్టం ఏమంటున్నది?

స్థానికులకు ఉద్యోగాలన్న నినాదం చట్టాలుగా మారుతోంది. ఆంధ్రప్రదేశ్ 2019లో పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకివ్వాలని చట్టం చేసింది. హర్యానా అదే బాటలో 2020లో చేసిన చట్టాన్ని 2023 నవంబరులో పంజాబ్–హర్యానా హైకోర్టు రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. 2024 జూలైలో కర్ణాటక మంత్రివర్గం ఒక బిల్లును ఆమోదించి, గొడవ రేగగానే పక్కనబెట్టింది. ఆ బిల్లులో "స్థానికుడు" అన్న మాటకిచ్చిన నిర్వచనాన్ని కోలారు, బళ్ళారి తెలుగు కుటుంబాలు శ్రద్ధగా చదవాలి. ఆ రాష్ట్రంలో పుట్టడమో పదిహేనేళ్ళు నివసించడమో చాలదు. కన్నడం ఒక భాషగా బడిలో చదివి ఉండాలి, లేదా పరీక్ష నెగ్గాలి.

అసలు ప్రమాదం ఇక్కడుంది. బయటివారిని ఆపడానికి కట్టిన గోడ, లోపలే ఉన్న మనమీద కూలుతుంది. తమిళనాడులో ఇది ఊహ కాదు. 2010 చట్టం ప్రకారం రాష్ట్ర ఉద్యోగాల్లో 20 శాతం తమిళ మాధ్యమంలో చదివినవారికి ప్రత్యేకం. 2021 డిసెంబరు ఉత్తర్వుతో, 2023 జనవరి సవరణతో ఉద్యోగ పరీక్షలో తమిళం పేపరు తప్పనిసరి అయింది. అందులో నూటికి 40 రాకపోతే మిగిలిన పేపర్లు దిద్దరు. మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతులు కల్పించమని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం చెబుతోంది. ఆ మాట నమ్మి హొసూరులో తెలుగు మాధ్యమంలో చదివిన పిల్ల ఆ 20 శాతానికి బయటే. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాషగా చెప్పుకున్న 42 లక్షల మంది ఈ రాష్ట్రంలో ఉన్నారు. వీరిలో అనేకుల వంశాలు ఇక్కడికి వచ్చి నాలుగైదు శతాబ్దాలు. వీరు స్థానికులు కాకపోతే స్థానికుడనే మాటకు అర్థమేమిటి?

రాష్ట్రభాష పరిజ్ఞానం ఉద్యోగ ప్రవేశానికి ముందస్తు షరతు కారాదని, ఎంపిక తర్వాత ప్రొబేషను ముగిసేలోగా పరీక్ష పెట్టవచ్చునని 1956లోనే కేంద్రం భాషా అల్పసంఖ్యాకుల రక్షణల పత్రంలో చెప్పింది. తమిళనాడు కూడా చాలాకాలం ఉద్యోగంలో చేరిన తర్వాత రెండేళ్ళ గడువు ఇచ్చింది. ఆ పద్ధతి న్యాయమైనది. ప్రజలకు సేవ చేసే ఉద్యోగికి ప్రజల భాష రావాలనడంలో తప్పులేదు. నేర్చుకునేందుకు వ్యవధి ఇవ్వకుండా గేటు దగ్గరే ఆపడం తప్పు.

ఈ విషయంలో మన చేతులూ శుభ్రంగా లేవు. తెలుగు మాధ్యమంలో డిగ్రీ చదివినవారికి గ్రూప్ పరీక్షల్లో 5 శాతం అదనపు మార్కులిచ్చిన అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ నిర్ణయాన్ని సుప్రీంకోర్టు 1995లో కొట్టివేసింది. అప్పుడు ఆ తీర్పును తప్పుబట్టి, నేడు చెన్నై నిర్ణయాన్ని తప్పుబట్టడం న్యాయవాదికి సులభమేమో గాని న్యాయబుద్ధికి సులభం కాదు. ఉద్యోగంలో నివాసాన్ని షరతుగా పెట్టే అధికారం 16(3) అధికరణం పార్లమెంటుకే ఇచ్చింది. రాష్ట్రాలకు ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో సరిహద్దుల్లో ఉన్న మనకంటె బాగా ఎవరికి తెలుసు?

అమెరికా గేటు ముందు మనమే

2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు కొత్త హెచ్-1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు తెలుగు ఇళ్ళలో ఎంత ఆందోళన చెలరేగిందో గుర్తుంది గదా! ఆ వీసాలు పొందేవారిలో పదింట ఏడువంతులు భారతీయులే, వారిలో తెలుగువారు తక్కువేమీ కాదు. "చౌకగా దొరుకుతారని వీరిని తెచ్చి మా పిల్లల పొట్ట కొడుతున్నారు" అని అక్కడివారు అన్నమాట, సూలూరు కుర్రవాడు ఒడియా కార్మికుని గురించి అన్నమాటే. అక్కడ మనం "ప్రతిభకు సరిహద్దులేమిటి?" అని అడుగుతాం. ఇక్కడ "మా ఉద్యోగాలు మాకే" అంటాం. రెండు నాలుకలతో హక్కులు నిలబడవు.

అలాగని అమెరికా కార్మికుని బాధ అబద్ధమని కాదు. కొన్ని కంపెనీలు తమ పాత ఉద్యోగుల చేతనే కొత్తవారికి పని నేర్పించి, తర్వాత పాతవారిని ఇంటికి పంపిన సంగతులు అక్కడి పత్రికల్లో వచ్చాయి. వచ్చినవాడు నేర్పాలి, ఉన్నవాడు ఎదగాలి. ఉన్నవాడు నేర్పి వీధిన పడితే అది నైపుణ్య వినిమయం కాదు, కూలి తగ్గించే వ్యాపారం. ఈ కొలబద్ద డాలసుకైనా, తిరుప్పూరుకైనా ఒక్కటే.

మనం అడగవలసినవి

కాబట్టి గోడ కట్టమని మనం అడగకూడదు, తలుపు బార్లా తెరవమనీ అడగకూడదు. అడగవలసినవి ఇవి.

ఒకటి: స్థానికతకు ప్రమాణం నివాసం కావాలి, ఇంటిభాష కాకూడదు. ప్రభుత్వోద్యోగాల్లో తమిళ పరీక్షను 1956 నాటి హామీ ప్రకారం ఎంపిక తర్వాతకు మార్చాలి.

రెండు: మాతృభాషా మాధ్యమానికిచ్చే 20 శాతం ప్రాధాన్యాన్ని ఈ రాష్ట్రంలోనే తెలుగు, కన్నడ, మలయాళ, ఉర్దూ మాధ్యమాల్లో చదివిన పిల్లలకూ వర్తింపజేయాలి.

మూడు: ప్రభుత్వ భూమి, రాయితీలు పొందే ప్రతి సంస్థా బయటినుండి తెచ్చే నిపుణుల సంఖ్యకు తగినట్లు స్థానిక అప్రెంటిసులకు శిక్షణ ఇవ్వాలి. 1961 నాటి అప్రెంటిసుల చట్టం ఉన్నది అందుకే. సరిహద్దు జిల్లాల ఐ.టి.ఐ.లలో తెలుగులోనూ పాఠం వినే వీలుండాలి.

నాలుగు: వలస కార్మికునికి స్థానికునితో సమానమైన కూలి కచ్చితంగా అందాలి. అతని కూలి పెరిగితేనే మన కుర్రవాడిని గేటు దగ్గర ఆపే లాభం యజమానికి తగ్గుతుంది. వలస కార్మికుని హక్కు మన హక్కుకు అడ్డు కాదు, దానికి కాపలా.

ఐదు: మన పిల్లలకు 350ఎ కోరే మనం, ఆ ఒడియా పిల్లకూ కోరాలి. మనకొక్కరికే అడిగితే అది హక్కు కాదు, బేరం.

ఇక మన ఇంటి పని ఒకటి ఉంది. తమిళం మనకు పరాయిది కాదు. ఈ నేల అన్నం తిన్నాం, ఈ నేల భాష చక్కగా నేర్చుకోవాలి. దానితోబాటు తెలుగు చదవడం, రాయడం నేర్పే బాధ్యత ప్రభుత్వంమీద మాత్రమే నెట్టకూడదు. కోయంబత్తూరు తెలుగు యజమానుల ఇళ్ళలో ఎందరి పిల్లలకు ఇవాళ తెలుగు అక్షరాలు వచ్చు? వారి ధర్మసంస్థల బడుల్లో ఎన్నింట తెలుగు తరగతి నడుస్తోంది? సౌరాష్ట్ర నేతగాడు మగ్గం దగ్గర భాషను నిలుపుకున్నాడు. మిల్లు కట్టినవాడు నిలుపుకోలేకపోయాడా?

ఆ ఇద్దరి సంగతి చెప్పి ముగిస్తాను. ఒడియా కార్మికుని బాకీ కూలికి అధికారి ముందు దావా వేశాను, విచారణ సాగుతోంది. కుర్రవాడికి కోర్టులో వేయడానికి ఏమీ లేదని నిజం చెప్పి, అప్రెంటిసు శిక్షణకు దరఖాస్తు రాయించాను. వాయిదా రోజున ఇద్దరూ నా వరండాలో ఒకే బెంచీమీద కూర్చున్నారు. కాసేపటికి తెలుగులో మాటలు వినిపించాయి. ఒక్కొక్క షిఫ్టుకు ఎంత ఇస్తున్నారని కుర్రవాడు అడుగుతున్నాడు. తన కూలి ఎంతో పెద్దాయన చెబుతున్నాడు. ఆ లెక్క ఇద్దరికీ తెలియడం కాంట్రాక్టరుకు నచ్చని విషయం. మనకు మాత్రం అక్కడినుండే పని మొదలవుతుంది.